ఫైళ్లు సరే, అమరికల మాటేమిటి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. 2015 జులై 29న వెలువడిన ఆ ఆపరేటింగ్ సిస్టమ్ పదేళ్లకు పైగా మన ఇళ్లలో, దుకాణాల్లో, మదరసాల కార్యాలయాల్లో, మస్జిద్ కమిటీల గదుల్లో సేవలందించింది. ఆ తేదీతో కంప్యూటర్లేమీ ఆగిపోలేదు. మీట నొక్కితే ఎప్పటిలాగే తెర వెలుగుతోంది. కాని భద్రతా లోపాలను పూడ్చే నెలవారీ సవరణలు మాత్రం నిలిచిపోయాయి. గృహ వినియోగదారుల కోసం ప్రకటించిన పొడిగింపు పథకంలో చేరినవారికి 2026 అక్టోబర్ 13 వరకు గడువుంది. ఆ తరువాత ఎవరికైనా ఏదో ఒక మార్పు తప్పదు.

ఈ మార్పు వచ్చినప్పుడల్లా మన ఊళ్లలో వినిపించే పరిష్కారం ఒకటే: "ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ ఎక్కించేద్దాం." ఆ మాట అనే ముందు దుకాణదారు ఒక ప్రశ్న అడుగుతాడు: "ముఖ్యమైన ఫైళ్లేమైనా ఉన్నాయా?" ఇంటివారు ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, ఒకటి రెండు ఫోల్డర్లు చూపిస్తారు. అవి పెన్‌డ్రైవ్‌లోకి చేరతాయి. మిగిలినదంతా తుడిచివేయబడుతుంది. మూడో రోజున ఇంట్లో అసలు ఇబ్బంది మొదలవుతుంది. ఫైళ్లన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. అయినా కంప్యూటరు మనది కాదనిపిస్తుంది. పోయినవి ఫైళ్లు కావు, అమరికలు. వాడుక మాటలో సెట్టింగులు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇంతే: అమరికలు కూడా ఆస్తే. అవి ఏళ్ల తరబడి ఒక మనిషి తన కంటికి, చేతికి, భాషకు, ఇంటి అవసరానికి తగినట్లు కూర్చుకున్న శ్రమ. వాటిని లెక్కలోకి తీసుకోకుండా కంప్యూటరును మార్చడం ఆ శ్రమను చెత్తబుట్టలో వేయడమే.

అమరిక అంటే ఏమిటి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో ఖమ్మం దాటాక, మధిరకు ముందు వచ్చే మండల కేంద్రం బోనకల్. అక్కడ ఒక ముస్లిం కుటుంబం ఉందనుకుందాం. ఇంట్లో ఒకటే కంప్యూటరు. దానిని నలుగురు వాడతారు.

తాతగారికి చూపు మందగించింది. ఆయన కోసం అక్షరాల పరిమాణం ఒకటిన్నర రెట్లు పెంచారు. మౌస్ బాణాన్ని పెద్దది చేశారు. వేలు వణుకుతుంది గనుక రెండుసార్లు నొక్కే వేగాన్ని తగ్గించారు. ఈ మూడు మార్పుల వల్లనే ఆయన ఎవరినీ పిలవకుండా ఉర్దూ పత్రిక తెరిచి చదువుకోగలుగుతున్నారు. అవి చెరిగిపోయిన రోజున ఆయన మళ్లీ మనవడు కాలేజీ నుంచి వచ్చేదాకా ఎదురు చూడవలసిందే.

తండ్రిగారు ఎరువుల దుకాణం లెక్కలు ట్యాలీలో రాస్తారు. రసీదు ఏ కాగితంపై, ఎంత అంచు వదిలి, ఏ ప్రింటరులో పడాలో ఒకసారి కుదుర్చుకున్నారు. ఆ కొలత తప్పితే ప్రతి రసీదులోనూ మొత్తం రాసే గడి కాగితం బయటికి పోతుంది.

తల్లిగారు ఇంటి నుంచే టైపింగ్ పని చేస్తారు. దరఖాస్తులు, నికాహ్ ఆహ్వాన పత్రికలు, అఫిడవిట్లు ఆమె చేతి మీదుగా వెళతాయి. మన పేర్ల వర్ణక్రమం ఎంత చిక్కో ముస్లిం కుటుంబాలకు వేరే చెప్పనక్కర్లేదు. షేక్, షేఖ్, మహమ్మద్, మొహమ్మద్, ముహమ్మద్, ఖాజా, కాజా. ఆధార్‌లో ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉంటే ఆ కుటుంబం ఎన్ని కార్యాలయాల చుట్టూ తిరగాలో అనుభవించినవారికే తెలుసు. ఆమె ప్రతి పేరును సరిచూసి, తన వర్డ్ నిఘంటువులో ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ వచ్చారు. రెండక్షరాలు కొడితే మొత్తం పేరు సరైన వర్ణక్రమంతో పడేలా స్వయంసవరణ పట్టికను పెంచుకున్నారు. ఆ పట్టిక ఏ ఫోల్డరులోనూ ఆమె కంటికి కనిపించదు. కాని ఆమె వృత్తి నైపుణ్యంలో సగం అందులోనే ఉంది.

ఇక అదే కంప్యూటరులో నమాజు వేళలు చూపే ఒక చిన్న ప్రోగ్రాము. అమరికలను తేలికగా తీసుకోరాదనడానికి ఇంతకంటే స్పష్టమైన దృష్టాంతం లేదు. ఇలాంటి ప్రోగ్రాములు సూర్యుడి స్థితిని బట్టి వేళలు లెక్కిస్తాయి. కాని ఏ పద్ధతిలో లెక్కించాలో మనమే చెప్పాలి. ఫజ్ర్ వేళను కరాచీ ఇస్లామిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయం పద్ధతి ప్రకారం సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల దిగువన ఉన్నప్పుడు లెక్కిస్తారు. ఉత్తర అమెరికాలో ప్రచారం పొందిన మరో పద్ధతి 15 డిగ్రీలను తీసుకుంటుంది. మూడు డిగ్రీల తేడా మన ప్రాంతంలో పన్నెండు నిమిషాలకు పైగా ఉంటుంది. అస్ర్ విషయంలో హనఫీ పద్ధతికీ తక్కిన పద్ధతికీ మధ్య గంటకు అటూ ఇటూగా తేడా వస్తుంది. హిజ్రీ తేదీని స్థానిక చంద్రదర్శనాన్ని బట్టి ఒక రోజు జరుపుకునే సవరణ కూడా చాలా ప్రోగ్రాముల్లో ఉంటుంది.

కంప్యూటరును తుడిచి అదే ప్రోగ్రామును మళ్లీ ఎక్కిస్తే అది తయారీదారు పెట్టిన తొలి అమరికతోనే లేస్తుంది. పేరు అదే, బొమ్మ అదే, తెర అదే. లోపల లెక్క మాత్రం మారిపోయి ఉండవచ్చు. ఎవరూ గమనించకపోతే రమజాన్‌లో ఆ ఇంటివారు సహరీ గడువు మీరి తినే ప్రమాదముంది. ఫైలు పోతే వెంటనే తెలుస్తుంది. అమరిక పోతే చెప్పకుండా పోతుంది.

అవి ఎక్కడ దాగి ఉంటాయి?

"డి డ్రైవ్‌లో ఉన్నవేమీ పోవు" అన్న హామీ అందరూ విన్నదే. అది నిజమే. కాని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అనే మూడూ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి. తెర మీద ఎదురుగా కనిపిస్తున్నది గనుక డెస్క్‌టాప్ వేరే ఎక్కడో క్షేమంగా ఉంటుందనుకోవడం పొరపాటు.

అమరికల సంగతి ఇంకా లోతైనది. విండోస్‌లో ప్రతి వినియోగదారుకూ ఒక సొంత ఫోల్డరు ఉంటుంది. అందులో యాప్‌డేటా అనే ఫోల్డరు మామూలుగా కంటికి కనిపించకుండా దాచి ఉంటుంది. వర్డ్‌లో మనం చేర్చిన నిఘంటువు, స్వయంసవరణ పట్టిక, ఖాళీ పత్రం ఏ ఫాంటుతో, ఏ అంచులతో తెరుచుకోవాలో చెప్పే మూసపత్రం, బ్రౌజరులో గుర్తు పెట్టుకున్న పేజీలు, తెర మీద పసుపు చీటీల్లో రాసుకున్న ఫోను నంబర్లు ఈ దాపరికపు ఫోల్డరులోనే ఉంటాయి. వీటికి తోడు రిజిస్ట్రీ అనే పెద్ద చిట్టా ఒకటుంది. మౌస్ వేగం, కీబోర్డుల వరస, తేదీ రాసే తీరు వంటి వేలాది చిన్న నిర్ణయాలు అందులో నమోదై ఉంటాయి. డాక్యుమెంట్స్ ఫోల్డరును మాత్రమే నకలు తీసుకున్నవారికి ఇవేవీ దక్కవు.

అలాగని యాప్‌డేటాను మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి లాగి, కొత్త సిస్టమ్‌లో పెట్టేస్తే సరిపోతుందా? చాలదు. ఉదాహరణకు క్రోమ్ బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు ఆ వినియోగదారు ఖాతాకు ముడిపడిన తాళంతో బిగించి ఉంటాయి. ఫోల్డరును తెచ్చినా ఆ తాళం రాదు. అందుకే ప్రతి వస్తువునూ దాని పద్ధతిలోనే బయటికి తీయాలి.

అకౌంటింగ్ ప్రోగ్రాముల విషయంలో మరో జాగ్రత్త అవసరం. వాటి లెక్కల ఫోల్డరు తరచుగా మన డాక్యుమెంట్స్‌లో కాకుండా ప్రోగ్రాము సొంత ఫోల్డరులోనో, అందరికీ ఉమ్మడిగా ఉండే పబ్లిక్ ఫోల్డరులోనో ఉంటుంది. ప్రోగ్రామును తెరిచి దాని చిరునామా ఏదో ముందే రాసి పెట్టుకోవాలి. ట్యాలీ వంటి లైసెన్సు గల ప్రోగ్రాములను కంప్యూటరు తుడవడానికి ముందే అప్పగింత చేసి, తరువాత మళ్లీ చేతికి తీసుకోవాలి.

తెలుగు, ఉర్దూ అక్షరాల కథ

రెండు లిపుల మధ్య బతికే మన ఇళ్లకు మరొక ప్రత్యేకమైన చిక్కుంది. అది ఫాంట్లు, కీబోర్డులు.

తెలుగు లిపికి యూనికోడ్ ప్రమాణంలో 1991లోనే చోటు దక్కినా, మన అచ్చుపని చాలాకాలం దానికి బయటే సాగింది. అను ఫాంట్లతో కూర్చిన పత్రాల్లో తెలుగు అక్షరాలు ఆంగ్ల అక్షరాల గడుల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు ఉన్నంతవరకు అది చక్కని తెలుగు. ఫాంటు లేని కంప్యూటరులో అదే పత్రం అర్థం లేని ఆంగ్లాక్షరాల, గుర్తుల గుంపు. ఉర్దూలోనూ ఇదే కథ. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ మన దేశంలో ఉర్దూ కంపోజింగును మార్చివేసింది. కాని దాని పాత సంచికల్లో కూర్చిన ఫైళ్లు ఆ ప్రోగ్రాము లేనిదే తెరుచుకోవు. మస్జిద్ కమిటీ తీర్మానాలు, మదరసా ప్రవేశ పత్రాలు, పెద్దలు రాసుకున్న వంశవృక్షాలు ఇలాంటి ఫైళ్లలో ఉంటే, ఫైలు భద్రమే కాని చదివే దారి మూసుకుపోతుంది.

యూనికోడ్‌లో రాసినవారికి ఇంత ప్రమాదం లేదు. వారి అక్షరం ఎప్పటికీ అక్షరంగానే ఉంటుంది. అయితే రూపం మారవచ్చు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి, విండోస్ 7తో వాణి అనే తెలుగు ఫాంట్లు వచ్చాయి. విండోస్ 8 నుంచి నిర్మలా ఆ బాధ్యత తీసుకుంది. విండోస్ 10 వచ్చేసరికి గౌతమి, వాణి రెండూ ఐచ్ఛిక విభాగంలోకి వెళ్లాయి. నస్తాలీక్ తీరులో ఉర్దూను చూపే ఉర్దూ టైప్‌సెట్టింగ్ అనే ఫాంటు కూడా అరబ్బీ లిపి అదనపు ఫాంట్ల జాబితాలో చేరింది. అంటే కొత్తగా విండోస్ ఎక్కించినప్పుడు అవి తమంతట తాము ఉండకపోవచ్చు. గౌతమిలో కూర్చిన పాత పత్రం వేరే ఫాంటులో తెరుచుకుని, వరుసలు జరిగి, పేజీలు పెరుగుతాయి. ఆందోళన పడనక్కర్లేదు. భాషల జాబితాలో తెలుగును, ఉర్దూను చేర్చి, ఇంటర్నెట్ ఉన్నచోట ఆ అదనపు ఫాంట్లను తెప్పించుకుంటే సరిపోతుంది.

ఫాంట్లను నకలు తీసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కొన్నేళ్లుగా విండోస్‌లో ఫాంటును మామూలుగా ఎక్కిస్తే అది అందరికీ చెందిన ఫాంట్ల ఫోల్డరులోకి కాక, ఆ ఒక్క వినియోగదారు యాప్‌డేటాలోకి చేరుతోంది. కనుక రెండు చోట్లా వెతకాలి.

కీబోర్డు సంగతి ఇంకా సున్నితమైనది. అలవాటైన కీబోర్డు వేళ్లలో ఉంటుంది, తలలో కాదు. ఒకరికి ఇన్‌స్క్రిప్టు, ఇంకొకరికి ఆపిల్ వరస, మరొకరికి 2019లో విండోస్‌లో చేరిన తెలుగు ఫొనెటిక్. ఉర్దూలో చాలామంది విడిగా చేర్చుకున్న ఫొనెటిక్ కీబోర్డునే వాడతారు. విండోస్‌తో వచ్చే ఉర్దూ కీబోర్డు వరస దానికి భిన్నం. పాత కీబోర్డు ఫైలు చేతిలో లేకపోతే ఇరవై ఏళ్ల అభ్యాసం ఒక్కసారిగా పనికిరాకుండా పోతుంది.

తుడిచివేతా, ఉన్నతీకరణా?

ఇంతకీ ఫార్మాట్ ఒక్కటే మార్గమా? కాదు. విండోస్ 10 ఉన్న కంప్యూటరుపై విండోస్ 11 అమర్పును లోపలి నుంచే మొదలుపెడితే అది మూడు దారులు చూపుతుంది. వ్యక్తిగత ఫైళ్లు, ప్రోగ్రాములు రెండూ ఉంచాలా? ఫైళ్లు మాత్రమే ఉంచాలా? ఏదీ ఉంచవద్దా? మొదటి దారిలో వెళితే ప్రోగ్రాములతో పాటు అమరికల్లో అత్యధిక భాగం యథాతథంగా నిలుస్తుంది. రెండో దారి పేరు వినడానికి ఊరటగా ఉంటుంది గాని, అందులో ప్రోగ్రాములు, అమరికలు పోతాయి. విండోస్‌లోని రీసెట్ సదుపాయంలో "నా ఫైళ్లు ఉంచు" అన్న ఎంపిక కూడా ఇలాంటిదే. అది ఫైళ్లను ఉంచి, ప్రోగ్రాములను, అమరికలను తొలగిస్తుంది. ఫైళ్లు వేరు, అమరికలు వేరు అని యంత్రమే స్పష్టంగా చెబుతోంది. మనమే దానిని చదవకుండా ముందుకు నొక్కేస్తున్నాం.

మొదటి దారి కొన్నిసార్లు మూసి ఉంటుంది. దానికి కారణాలు తెలిస్తే సగం సమస్య తీరుతుంది.

ఒకటి, యంత్రం అర్హత. విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల నిల్వ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఆమోదిత జాబితాలోని ప్రాసెసరు కావాలి. ఇంటెల్‌లోనైతే కొద్ది మినహాయింపులతో ఎనిమిదో తరం నుంచి పైవే ఆ జాబితాలో ఉన్నాయి.

రెండు, 32 బిట్ల సిస్టమ్. విండోస్ 11 కేవలం 64 బిట్లలోనే వస్తుంది. పాత కంప్యూటరులో 32 బిట్ల విండోస్ ఉంటే దాని మీదుగా వెళ్లే దారి లేదు. కొత్తగా ఎక్కించవలసిందే.

మూడు, భాష. ఇది చాలామంది దృష్టికి రాని విషయం. ఉన్న విండోస్ బ్రిటన్ ఇంగ్లీషుదై, దుకాణదారు తెచ్చిన ప్రతి అమెరికా ఇంగ్లీషుదైతే, ప్రోగ్రాములను ఉంచే ఎంపిక నొక్కడానికి వీల్లేకుండా మసకబారుతుంది. "మీ కంప్యూటరులో అది కుదరదు" అన్న జవాబు వస్తుంది. నిజానికి కుదరనిది కంప్యూటరు కాదు, ఎంచుకున్న ప్రతి. సరైన భాష ప్రతిని తెస్తే ఆ తలుపు తెరుచుకుంటుంది.

ఉన్నతీకరణ పూర్తయ్యాక పది రోజుల వరకు పాత విండోస్‌కు తిరిగి వెళ్లే వీలుంటుంది. ఆ పది రోజులు దాటాక పాత సిస్టమ్ నకలు తనంతట తానే తొలగిపోతుంది. కనుక పరీక్షలు, పెళ్లిళ్ల సీజను, రమజాన్ వంటి రద్దీ రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. తీరిక ఉన్న పది రోజులు చూసుకుని, ఆ గడువులోనే ఇంటిల్లిపాదీ తమ తమ పనులు ఒకసారి చేసి చూడాలి. తాతగారు పత్రిక చదవాలి. తండ్రిగారు ఒక రసీదు తీయాలి. తల్లిగారు ఒక దరఖాస్తు కొట్టాలి. నమాజు వేళలను మస్జిద్‌లో వేలాడే పట్టికతో సరిచూడాలి.

ముందుగా చేసుకోవలసినవి

తుడిచివేత తప్పనిసరి అయినప్పటికీ అమరికలు పోవలసిన పని లేదు. ఒక పూట శ్రమిస్తే చాలు.

మొదట ఒక నోటుపుస్తకం తీయండి. కంప్యూటరు వాడే ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, "నీవు రోజూ తెరిచేవి ఏమిటి?" అని అడిగి రాయండి. ఇంట్లో తక్కువ మాట్లాడేవారిని ముందు అడగండి. తరచుగా వారి అవసరాలే మరుగున పడతాయి.

తరువాత సెల్‌ఫోనుతో తెరను ఫొటోలు తీయండి. అక్షరాల పరిమాణం, ప్రింటరు అమరిక, భాషల జాబితా, నమాజు వేళల ప్రోగ్రాములోని పద్ధతి పేరు. ఎంతటి సాంకేతిక నిపుణుడికైనా ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

బ్రౌజరులో గుర్తు పెట్టుకున్న పేజీలను ఎగుమతి చేసి ఒక ఫైలుగా దాచండి. పాస్‌వర్డులనూ అలాగే తీయవచ్చు. కాని ఆ ఫైలును ఎవరైనా తెరిచి చదవగలరు. పని ముగిసిన వెంటనే దానిని పూర్తిగా తొలగించాలి.

వర్డ్ నిఘంటువు, స్వయంసవరణ పట్టిక, మూసపత్రం, ఫాంట్లు, కీబోర్డు ఫైళ్లు, లెక్కల ఫోల్డరు వేర్వేరుగా నకలు తీయండి. అను, ఇన్‌పేజ్ పత్రాల్లో విలువైనవాటిని పీడీఎఫ్‌గా కూడా దాచండి. రేపు ఆ ప్రోగ్రాము దొరకకపోయినా చదువుకోవడానికి అవి మిగులుతాయి. వీలైనన్నిటిని యూనికోడ్‌లోకి మార్చుకోవడం శాశ్వతమైన మేలు.

నకలు ఒకచోట ఉంటే చాలదు. రెండు వేర్వేరు వస్తువుల్లో ఉండాలి. వాటిలో ఒకటి ఇంటికి బయట, నమ్మకమైన బంధువు ఇంట్లోనో, ఇంటర్నెట్ నిల్వలోనో ఉంటే మేలు. నకలు తీశాక దానిని ఇంకో కంప్యూటరులో తెరిచి చూడండి. తెరిచి చూడని నకలు మీద భరోసా పెట్టుకోరాదు.

హార్డ్‌డిస్కుకు గుప్తీకరణ ఉందేమో చూసుకోండి. ఉంటే దాని పునరుద్ధరణ తాళం 48 అంకెల్లో ఉంటుంది. దానిని కాగితం మీద రాసి పెట్టుకోండి. అది లేకపోతే కొన్ని సందర్భాల్లో సొంత కంప్యూటరే మనల్ని లోపలికి రానివ్వదు.

విండోస్ 11 ప్రతి అయిదు గిగాబైట్లకు మించి ఉంటుంది. ఫోను డేటా మీద ఆధారపడే ఇళ్లు ముందే లెక్క చూసుకోవాలి. ఇక కరెంటు సంగతి. అమర్పు మధ్యలో విద్యుత్తు ఆగితే జరిగే నష్టం చిన్నది కాదు. ల్యాప్‌టాప్ అయితే నిండా చార్జి చేసి పెట్టండి. డెస్క్‌టాప్ అయితే బ్యాటరీ దన్ను లేకుండా మొదలుపెట్టకండి.

అప్పగింతలో అమానతు

బోనకల్ వంటి ఊరి నుంచి చాలామంది ఈ పనికోసం కంప్యూటరును ఖమ్మం పట్టణానికో, మధిరకో తీసుకువెళ్లి దుకాణంలో అప్పగిస్తారు. ఆ పెట్టెలో ఇంటి ఆడపడుచుల ఫొటోలు, బ్యాంకు వివరాలు, వైద్య నివేదికలు, కుటుంబ తగాదాల ఉత్తరాలు ఉంటాయి. అది కేవలం యంత్రాన్ని ఇవ్వడం కాదు. మన భాషలో చెప్పాలంటే అది అమానతు.

అమానతుకు రెండు వైపులా బాధ్యత ఉంది. ఇచ్చేవారు అవసరానికి మించి ఇవ్వకూడదు. వ్యక్తిగతమైనవాటిని ముందే నకలు తీసుకుని, కంప్యూటరు నుంచి తొలగించి ఇవ్వాలి. వీలైతే ఇంటి నుంచి ఒకరు పని ముగిసేవరకు దగ్గరే కూర్చోవాలి. పుచ్చుకునేవారు తమకు పనిలేని ఫోల్డరును తెరవకూడదు. నకలు తీసిన ప్రతిని తమ దగ్గర ఉంచుకోకూడదు. ఇంకా ముఖ్యంగా, అడగకుండా తుడవకూడదు. "ఏ ఫైళ్లు కావాలి?" అన్న ప్రశ్నతో పాటు "ఈ కంప్యూటరును ఎవరెవరు, ఎలా వాడతారు?" అన్న ప్రశ్న కూడా అడిగే దుకాణదారు తన వృత్తి ధర్మాన్ని నెరవేర్చినట్లే. ఈ పనిలో ఉన్న మన యువకులకు మేము ప్రత్యేకంగా మనవి చేసేది ఇదే.

అడిగి మార్చే సంప్రదాయం

విండోస్ ఒక్కటే లోకం కాదు. అర్హత లేని పాత కంప్యూటర్లకు లినక్స్ మంచి ఆశ్రయం. హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ అనే సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడానికి ఏళ్లుగా కృషి చేస్తోంది. విండోస్ నుంచి లినక్స్‌కు మారేటప్పుడు ప్రోగ్రాములు, అమరికలు కొత్తగా కూర్చుకోవలసిందే. ఒకసారి మారాక మాత్రం తరువాతి ఉన్నతీకరణలు తేలిక. కారణం దాని నిర్మాణంలో ఉంది. అక్కడ వినియోగదారు ఫైళ్లూ అమరికలూ హోమ్ అనే ఒకే చోట ఉంటాయి. దానిని వేరే విభాగంగా ఏర్పరచుకుంటే, సిస్టమ్‌ను మొత్తంగా మార్చినా ఇల్లు చెక్కుచెదరదు.

లినక్స్‌లో డెబియన్ కుటుంబానికి చెందిన సిస్టమ్‌లు పాటించే మర్యాద ఒకటి మమ్మల్ని ఆకట్టుకుంది. మనం స్వయంగా మార్చిన అమరిక ఫైలు ఒకటి ఉండి, కొత్త సంచికలో దానికి వేరే రూపం వస్తే, సిస్టమ్ తనంతట తాను దానిపై రాయదు. ఆగి అడుగుతుంది: మీరు మార్చుకున్నది ఉంచాలా, కొత్తది పెట్టాలా, రెండింటి మధ్య తేడా చూస్తారా? మనిషి శ్రమ పట్ల యంత్రం చూపగల గౌరవం ఇది. చేతిలో ఫోను ఉన్నవారంతా ఇలాంటి ఏర్పాటు ఫలితాన్ని అనుభవిస్తూనే ఉన్నారు. ఆండ్రాయిడ్‌కు కొత్త సంచిక వచ్చినా మన ఫొటోలు, అలారాలు, అక్షరాల పరిమాణం అలాగే ఉంటాయి. సిస్టమ్‌కు ఒక గది, మన వస్తువులకు ఒక గది వేరుగా ఉంచడమే అందుకు కారణం.

అన్నీ మోసుకుపోవాలా?

అక్కర్లేదు. ఉన్నదంతా ఉంచే ఉన్నతీకరణలో మంచితో పాటు చెడు కూడా వస్తుంది. ఎప్పుడో తెలియక చేరిన ప్రకటనల పట్టీలు, వాడని ప్రోగ్రాములు, గడువు తీరిన ప్రయోగ ప్రతులు, వైరస్ అనుమానం ఉన్న ఫైళ్లు అన్నీ వెంట వస్తాయి. వైరస్ సోకిందని గట్టి అనుమానం ఉంటే తుడిచివేతే సరైన చికిత్స.

మన పాత మూసపత్రాలనూ ఒకసారి తిరగేయాలి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అయినా కొన్ని ఇళ్ల, సంఘాల ఉత్తరాల శీర్షికల్లో రాష్ట్రం పేరు పాతదే ఉండిపోయి ఉండవచ్చు. సరిహద్దుకు దగ్గరగా ఉన్న బోనకల్ వంటి మండలాల్లో అలాంటి చిరునామా గందరగోళానికి దారితీస్తుంది. తప్పు వర్ణక్రమంతో నిఘంటువులో చేరిన పేర్లను తొలగించడానికి కూడా ఇదే అదను. ఉంచవలసినది ఏదో, వదలవలసినది ఏదో నిర్ణయించేది మనం కావాలి; దుకాణంలో ముందుకు నొక్కే వేలు కాకూడదు.

కంప్యూటరు కొన్నప్పుడు అది అందరిదీ ఒకేలా ఉంటుంది. వాడుతూ వాడుతూ అది ఒక ఇంటిది అవుతుంది. చూపు మందగించిన పెద్దాయన ఎవరి సాయం లేకుండా చదువుకోగలగడం, ఇంటి నుంచే సంపాదించే తల్లి పేర్లను తప్పు లేకుండా రాయగలగడం, కుటుంబమంతా సరైన వేళకు సహరీ ముగించగలగడం. ఇవన్నీ ఆ చిన్న చిన్న అమరికల మీద ఆధారపడి ఉన్నాయి. ఈసారి ఎవరైనా "ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నప్పుడు ఒక్క రోజు గడువు అడగండి. నోటుపుస్తకం, సెల్‌ఫోను తీసుకుని ఇంట్లో అందరినీ పిలవండి. ఆ ఒక్క రోజు ఇంట్లో పెద్దవారికి నెలల ఇబ్బందిని తప్పిస్తుంది.